నర్సింహమ్మ కడిగించిన ముఖాలు

నర్సింహమ్మ మా పక్కింటి మనిషి. బీరంగూడలో ఇరవై ఏళ్ళుగా మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఈ ఇరవై ఏళ్ళలో ఆమె మా ఇంట్లో కాలు పెట్టగానే అనే మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే. "టీచరమ్మా, చేతులు కడిగినవా?" ముప్పై మూడేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన ఎలిజబెత్ టీచర్‌ని నేను. నా వంటింట్లో నన్నే నిలబెట్టి చేతులు చూపించమంటుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "నా ఇల్లు, నా చేతులు, నడుమ నీకేందే?" అని అరుస్తాను. అరుస్తూనే వెళ్ళి కడుక్కుంటాను.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఇరవై రెండేళ్ళు బట్టలు మార్చే గదిలో పనిచేసింది. ఇంజెక్షన్లు తయారయ్యే లోపలి గదుల్లోకి ఎవరు పోవాలన్నా ముందు ఆ గది దాటాలి. గదికి అడ్డంగా ఒక స్టీలు బెంచీ ఉంటుందట. బెంచీకి ఇవతల మన దుమ్మూ ధూళీ, అవతల వాళ్ళ శుభ్రం. ఇవతలే గాజులు, ఉంగరాలు, గడియారం, పూలు తీసెయ్యాలి. బొట్టు, కాటుక, పౌడరు పోయేలా ముఖం కడగాలి. మోచేతుల దాకా చేతులు రుద్దుకోవాలి. ఆ తరువాత బెంచీ మీద కూర్చుని, ఒక్కొక్క కాలూ అవతలికి తిప్పి, నేలకు తగలకుండా తెల్లటి అంగీ తొడుక్కోవాలి. దగ్గరుండి తొడిగించేది నర్సింహమ్మ. ఒకసారి బొంబాయి నుంచి వచ్చిన పెద్దసారు గడియారం తియ్యనంటే, "గడియారమన్న పోవాలె సార్ లోపటికి, మీరన్న పోవాలె. ఇద్దరు పోవద్దు" అని చేతులు అడ్డం పెట్టి నిలబడిందట. ఆయన కాసేపు గుర్రుగా చూసి, గడియారం విప్పి ఆమె చేతిలోనే పెట్టాడట. ఈ కథ నాకు వందసార్లన్నా చెప్పి ఉంటుంది.

ఆమె అత్త బతికున్నన్నాళ్ళూ ఆ ఉద్యోగాన్ని తిడుతూనే ఉండేది. "మొగుడు నిక్షేపం లెక్క ఉండంగ ఈ బోడి చేతులేందే? బొట్టులేని ముఖమేందే?" అని వాకిట్లో కూర్చుని శోకాలు పెట్టేది. నర్సింహమ్మ పుస్తెల తాడు ఒక్కటి రవికె లోపల దాచుకుని, మిగతావన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి డ్యూటీకి పోయేది.

అలాంటి మనిషిని ఆర్నెల్ల కిందట ఇంటికి పంపేశారు. కంట్రాక్టరు మారాడు, కొత్తవాడికి నలభై లోపు వాళ్ళు కావాలట. నర్సింహమ్మకు నలభై ఎనిమిది. భర్త పోచయ్య లారీ నడిపేవాడు, మోకాళ్ళు అరిగి ఇంటి పట్టునే ఉంటున్నాడు. బిడ్డ నిషిత నర్సింగు రెండో ఏడు చదువుతోంది. నర్సింహమ్మ రెండు బడుల్లో ఆయా పని అడిగింది, ఒక ఆసుపత్రిలో అడిగింది. అంతటా "ఏం చదివినవ్? సర్టిఫికెట్ ఏది?" అనే. సాయంత్రాలు మా గడప మీద కూర్చుని తన అరచేతులు తనే చూసుకునేది. "టీచరమ్మా, మందికి బట్టలు తొడిగిచ్చుడు తప్ప నాకేమొస్తది? బట్టలు ఎవలివి వాళ్ళే తొడుక్కుంటరు గద బయట. ఇగ నాతోని ఎవలికి పని?" అనేది. ఆ మాట వినగానే లేచి పొయ్యి మీద టీ పెట్టేదాన్ని. "ఏడువకు, చాయ్ తాగు" అని కసిరేదాన్ని.

అట్లాంటి రోజుల్లో సూర్యారావు గారు ఫోన్ చేశారు. ఆయన భార్యా నేనూ పదేళ్ళు ఒకే స్కూల్లో పనిచేశాం. సంగారెడ్డి అవతల మంజీర ఒడ్డున కొత్తగా వస్త్ర కళాభవనం కట్టారు, దానికి ఆయన మేనేజరు. పాత బట్టలు, కొత్త డిజైన్లు, కుట్టుపనులు, అన్నీ అక్కడ చూపిస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని బట్టల బంగ్లా అంటారు. ఆదివారం సాయంత్రం ఫ్యాషన్ షో పెట్టారట. ఈ ప్రాంతపు కుటుంబాలు పెట్టెల్లో దాచుకున్న పాత బట్టలు ఎనిమిది జతలు అరువు తెచ్చారు. ఎనిమిది మంది కాలేజీ అమ్మాయిలు వాటిని తొడుక్కుని నది మెట్ల మీద నడుస్తారు. "బట్టలంటే జాగ్రత్త తెలిసిన మనిషి ఎవరన్నా ఉన్నారా టీచర్‌గారూ? ఆదివారం పని చూసి నచ్చితే ఉద్యోగంలో పెట్టుకుంటాం" అన్నారు. నేను ఇంకొక్క క్షణం ఆలోచించలేదు. "ఉంది, నా పూచీ" అన్నాను. నాకు నోటి దురుసే కాదు, నోటి తొందరా ఉంది.

ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. పటాన్‌చెరు దాకా ఆటో, అక్కడి నుంచి సంగారెడ్డి బస్సు, మళ్ళీ ఆటో. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ దగ్గరికి పోయే జనంతో ఆటో కిక్కిరిసి ఉంది. బంగ్లా గేటు కనబడ్డాక నర్సింహమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "టీచరమ్మా, ఇది గూడ కాకపోతె ఇగ నేను ఎవల్నీ అడగ. ఇంట్ల కూసుంట" అంది.

ఇంత అందమైన చోటు మన పక్కనే ఉందని నాకు తెలియదు. ఎర్ర ఇటుకల భవనం, పెద్ద వరండా, వరండా నుంచి నీళ్ళలోకి దిగే రాతి మెట్లు. వానలకు నది నిండుగా ఉంది. లోపల ఒక గదిలో పెన్సిల్‌తో గీసిన బట్టల బొమ్మలు, ఒక గదిలో నూరు రకాల గుండీలు, మరో గదిలో తండా ఆడవాళ్ళ అద్దాల లంగాలు. ఒక అద్దం వెనక ఖాకీ చొక్కా ఒకటి వేలాడుతోంది. ఎవరో ఆడమనిషి కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసినప్పటిదని కింద రాశారు, మోచేతి దగ్గర మాసిక కూడా అలాగే ఉంచారు. నాకది పట్టుచీరల కంటే నచ్చింది.

సూర్యారావు గారు నర్సింహమ్మకు బట్టలు మార్చే గది అప్పగించారు. గోడ పొడుగునా అద్దాలు, మూలన నీళ్ళ కుళాయి, ఒక పొడవాటి చెక్క బెంచీ. ఎనిమిది జతలూ తెల్లగుడ్డల్లో చుట్టి ఉన్నాయి. "మేకప్ వాళ్ళు ఒంటిగంటకు మొదలుపెట్టి మూడింటికి ముగిస్తారమ్మా. ఆ తరువాత అమ్మాయిలకు బట్టలు తొడిగించి, అయిదింటికి వరుసలో నిలబెట్టాలి. మీ ప్లాంటులో ఎలా చేసేవారో అచ్చం అలాగే చెయ్యండి, చాలు" అన్నారు. పాపం, ధైర్యం చెప్పడానికే అన్నారు. నర్సింహమ్మ తల ఊపింది. ఆమె భుజాలు నిటారుగా కావడం చూసి నాకూ ధైర్యం వచ్చింది.

నేను వరండాలోకి వచ్చి కూర్చున్నాను. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ తస్బీ పూసలు తిప్పుతోంది. సంగారెడ్డిలో అత్తరు దుకాణం నడిపిన నూరుద్దీన్ గారి భార్యట, పేరు ఫకృన్నీసా బేగం. డెబ్బై అయిదేళ్ళుంటాయి. ఆమె నిఖా జోడా, అంటే పెళ్ళిబట్టలు కూడా షోలో ఉన్నాయి, ఖడా దుపట్టా. వలలాంటి ఆరు గజాల జాలీ దుపట్టా, నిండా జరీ. దాన్ని కుచ్చులు పెట్టి భుజాల మీద నుంచి వదలడం చేతనైన వాళ్ళు ఇప్పుడు తక్కువ. "మనుమరాలు అరీబా అడిగిందని ఇచ్చిన బేటీ. ఇచ్చి పరేషాన్ అయిన. నిన్న రిహార్సల్ల చూసిన, ఆ పిల్లలు పెదవులకు ఇంత రంగు పూసుకుంటరు. యాభై ఎనిమిదేండ్లు మరక పడనియ్యలే. నా మియా పోయి నాలుగేండ్లాయె, గదొక్కటే మిగిలింది నాకు" అంది.

మూడున్నరకు బట్టలు మార్చే గది తలుపు ధడాలున తెరుచుకుంది. మేకప్ చేసే ఇద్దరు అమ్మాయిలు ఏడుపు ముఖాలతో బయటికొచ్చారు. "సార్! సార్! రెండు గంటలు కష్టపడ్డం. ఆ అమ్మ అందరి ముఖాలు కడిగిచ్చింది!"

ఓరి దేవుడా అనుకుంటూ లోపలికి పరుగెత్తాను. గదికి అడ్డంగా చెక్క బెంచీ వేసి ఉంది. ఇవతల ఎనిమిది చేతిరుమాళ్ళలో గాజులు, గొలుసులు, చెవి కమ్మలు వేరు వేరుగా మూటలు కట్టి ఉన్నాయి. అవతల ఎనిమిది మంది అమ్మాయిలు. పెదవులకు రంగు లేదు, కళ్ళకు కాటుక లేదు, గోళ్ళ రంగు కూడా మేకప్ వాళ్ళ సీసాలోని మందుతోనే తుడిపించేసింది. జుట్లు గుడ్డలతో బిగించి కట్టి, కడిగిన చేతులు గాలిలో పైకెత్తుకుని, ఎవరినీ ముట్టుకోకుండా నిలబడ్డారు. ఒకమ్మాయికి నవ్వాగడం లేదు, ఇంకొకమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. నర్సింహమ్మ వాళ్ళ మధ్య తిరుగుతూ, "చేతులు దించకుండ్రి బిడ్డా, ఆరనియ్యిండ్రి" అంటోంది. ఆర్నెల్ల తరువాత ఆమె ముఖంలో వెలుగు చూశాను. నాకు మాత్రం గుండె జారిపోయింది.

సూర్యారావు గారు నా వెనకే వచ్చారు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. "ఏం చేశారమ్మా మీరు?"

"మీరే గద సార్ అన్నరు, ప్లాంటుల చేసినట్టె చెయ్యుమని."

"ఇది ఫ్యాషన్ షో అమ్మా! మందుల కంపెనీ కాదు! మేకప్ లేకుండా ఫ్యాషన్ షో ఎక్కడన్నా చూశారా? గంటన్నరలో కలెక్టరాఫీసు నుంచి పెద్దలొస్తున్నారు! టీచర్‌గారూ, ఎవర్ని తెచ్చారండీ నాకు?"

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళిన సామెత నాకే తగిలింది. నర్సింహమ్మ కాసేపు ఆయన వంకా, అమ్మాయిల వంకా చూసింది. అప్పుడుగానీ సంగతి ఆమె బుర్రకెక్కలేదు. ముఖం వాడిపోయింది. రుమాలు మూటలు ఒక్కొక్కటే ఎవరివి వాళ్ళకు ఇచ్చేసింది. ఒక్కటి కూడా తారుమారు కాలేదు. ఆపైన నా దగ్గరికొచ్చి, "పోదాం టీచరమ్మా. చెప్పిన గద, నాతోని ఎవలికీ పనిలేదు" అంది. నాకు ఆయన మీద కోపం, నా మీద కోపం, ఆమెను చూస్తే ఏడుపు.

"ఠైరో, ఆగుండ్రి" అని తలుపు దగ్గర గొంతు వినబడింది. ఫకృన్నీసా బేగం. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. లోపలికి వచ్చి, కడిగిన ముఖాల అమ్మాయిలను ఒక్కొక్కరినే చూసింది. కడపటి అమ్మాయి చేతులు పట్టుకుని గోళ్ళు చూసింది. తరువాత సూర్యారావు గారి వైపు తిరిగింది. "సాబ్, నా జోడా ఈమె తొడిగిస్తెనే ఉంటది. లేకుంటె మూట కట్టియ్యి, ఇప్పుడే తీస్కపోత."

ఆయన మింగలేక కక్కలేక నిలబడ్డారు. షోలో ఆఖరున రావలసింది ఆ జోడానే, కార్డుల మీద అచ్చేసింది కూడా దాని బొమ్మే. చివరికి ఒప్పందం కుదిరింది. ఏడుగురికి మళ్ళీ మేకప్, బట్టలు కూడా మేకప్ వాళ్ళే తొడిగిస్తారు. ఎనిమిదో అమ్మాయి బ్యూలా, ఖడా దుపట్టా తొడుక్కునే పిల్ల, కడిగిన ముఖంతోనే నడుస్తుంది. ఆ ఒక్కదాన్నీ నర్సింహమ్మ చూసుకుంటుంది. "అదన్నా సరిగ్గా కానివ్వండి. తరువాత సంగతి తరువాత" అనేసి ఆయన వెళ్ళిపోయారు. ఆ చివరి మాట నాకేం నచ్చలేదు.

నర్సింహమ్మకు కుర్తా తొడిగించడం వచ్చుగానీ, ఆ దుపట్టా కుచ్చులు ఎలా పెట్టాలో తెలియదు. "నేను పెడత" అని ఫకృన్నీసా బేగం చేతులు కడుక్కుని బెంచీ దాటబోయింది. నర్సింహమ్మ ఆమె ఎదురుగా నిలబడింది. పెద్దావిడ కుడిచేతి వేలికి పచ్చరాయి ఉంగరం ఉంది.

"పెద్దమ్మా, ఉంగరం తియ్యాలె" అంది నర్సింహమ్మ.

నేను ఆమె నడుం మీద గట్టిగా గిల్లాను. పోయిందనుకున్న ఉద్యోగం ఈ ముసలావిడ పుణ్యాన వెంట్రుకవాసిలో నిలబడింది, ఈవిడకు కోపం వస్తే ఇక అంతే సంగతులు. "నోర్ముయ్యవే" అని చెవిలో అన్నాను. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అన్నారా!

ఫకృన్నీసా బేగం ముఖంలో నవ్వు పోయింది. "నిఖా నాడు మియా తొడిగిన ఉంగరం. యాభై ఎనిమిదేండ్లల్ల ఒక్కసారి తియ్యలే. ఆయన పోయి మయ్యత్ లేచిన నాడు గూడ తియ్యలే."

"తప్పైతె తిట్టుండ్రి పెద్దమ్మా" అంది నర్సింహమ్మ. "గని ఆ రాయి చుట్టు కొక్కేలున్నయ్. జాలీకి తట్టుతె పోగు గుంజుకపోతది. కుచ్చులు పెట్టేటప్పుడు ఎట్లైన తట్టుతది. మీ చేతుల్నే మీ జోడా చినుగుతె నేను చూడలేను."

పెద్దావిడ ఉంగరాన్ని వేలి మీద ఒకసారి తిప్పి చూసుకుంది. తరువాత ఆ చెయ్యి చాపింది. "రాదు బిడ్డా. కణుపు ఉబ్బింది. సబ్బు పెట్టినా రాదు."

"వస్తది" అంది నర్సింహమ్మ. కుట్టుదారం తెచ్చి, కొస ఉంగరం కింది నుంచి దూర్చి, కణుపు మీద దాకా దగ్గర దగ్గరగా చుట్టింది. ఇరవై రెండేళ్ళలో ఎందరి ఉంగరాలు తీసిన వేళ్ళో అవి. కింది కొస పట్టుకుని మెల్లమెల్లగా విప్పుతూ పోతుంటే, ఉంగరం దారం మీదుగా జరుగుతూ కణుపు దాటేసింది. పెద్దావిడ వేలికి తెల్లటి గాడి మిగిలింది. ఆమె దాన్ని నిమురుకుంది. కళ్ళు తడి అయ్యాయిగానీ కోపం లేదు. "మీ రుమాల్లనే కట్టి, మీ కుర్తా జేబుల పెడుతున్న" అని నర్సింహమ్మ మూటకట్టి ఆమె జేబులోనే పెట్టింది. ఇద్దరూ కలిసి దుపట్టా విప్పారు. ఒకరు కుచ్చులు పడుతుంటే ఒకరు అంచు నేలకు తగలకుండా రెండు చేతుల మీదా మోశారు. కుచ్చులన్నీ కుదరడానికి ముప్పావు గంట పట్టింది.

అయిదింటికి షో మొదలైంది. ఏడుగురు అమ్మాయిలు రంగు ముఖాలతో బాగానే నడిచారు, జనం బాగానే చప్పట్లు కొట్టారు. అద్దం వెనక చొక్కా లాంటిదే ఇంకో ఖాకీ చొక్కా వేసుకున్న పిల్లకు మా ఆడవాళ్ళం ఎక్కువ కొట్టాం. ఆఖరున బ్యూలా వచ్చింది. నగలు లేవు, రంగు లేదు. నీళ్ళ మీది ఎండ జరీ మీద పడింది. కొందరు "మేకప్ మరిచిపోయినట్టున్నరు" అని గుసగుసలాడారు, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ ఫకృన్నీసా బేగం నా చెయ్యి పట్టుకుని, "గిట్లనే ఉంటిని బేటీ, అచ్చం గిట్లనే" అంది. నర్సింహమ్మ ఇవేవీ చూడలేదు. తలుపు చాటున నిలబడి, దుపట్టా అంచు మెట్టుకు ఎక్కడ తగులుతుందోనని దాని వెంబడే కళ్ళు నడిపిస్తోంది.

షో అయ్యాక అరువు తెచ్చిన జతలు ఒక్కొక్కటీ దీపం కింద పరిచి చూశారు. ఏడింటిలో రెండింటికి మెడ దగ్గర పౌడరు మరక. తెల్ల పెళ్ళిచీర ఇచ్చిన ఇంటివాళ్ళు సూర్యారావు గారిని పట్టుకుని దులిపేశారు. ఖడా దుపట్టా మాత్రం చుక్క మరక లేకుండా, పోగు లేవకుండా మళ్ళీ తెల్లగుడ్డలోకి వెళ్ళింది. నాకు లోపల కాస్త సంబరంగా అనిపించిందంటే దేవుడు నన్ను క్షమించాలి.

ఫకృన్నీసా బేగం ఆటో ఎక్కేముందు సూర్యారావు గారితో ఏమీ చెప్పలేదు, సిఫారసు చెయ్యలేదు. నర్సింహమ్మ తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. మేమూ సంచీలు సర్దుకుని గేటు వైపు నడిచాం. సగం దారిలో ఆయన వెనక నుంచి పిలిచారు. దగ్గరికి వచ్చి రొప్పుతూ నిలబడ్డారు.

"ఒక్క మాట అడుగుతానమ్మా. ఆ గదిలో మీ పక్షాన ఉన్నది ఆ పెద్దావిడ ఒక్కరే. ఉంగరం తియ్యమని ఆమెనే అన్నారట. ఆమె లేచి వెళ్ళిపోతే మీ పనీ పోయేదిగదా. భయం వెయ్యలేదా?"

"ఎందుకు వెయ్యలే సార్! కాళ్ళు గజగజ వణికినయ్" అంది నర్సింహమ్మ. "గని తియ్యకపోతె చినుగుతది గద."

ఆయన నేల చూశారు. నా వంక చూశారు. "రేపు సోమవారం, తొమ్మిదింటికి రండమ్మా. అరువు బట్టలన్నీ మీ చేతికిస్తాను. అమ్మాయిల ముఖాల సంగతి మాత్రం ముందు నన్నడగండి" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది. నర్సింహమ్మ నవ్వలేదు. చేతులు జోడించి అలాగే నిలబడింది. నేనే జబ్బ పట్టుకుని ఆటో దాకా లాక్కొచ్చాను.

ఆటో కదిలాక నా వైపు తిరిగింది. "ఏమన్నడు టీచరమ్మా?"

"రమ్మన్నడే. రేపే, సోమవారం తొమ్మిదింటికి."

"మల్లొక్కసారి చెప్పు."

చెప్పాను. ఊరి పొలిమేరలో మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. సంగారెడ్డి బస్టాండు దగ్గర ఇంకోసారి అడిగింది. మామూలుగా అయితే ఒకే మాట మూడుసార్లు అడిగినవాణ్ణి నేను బెంచీ ఎక్కించేదాన్ని. "రమ్మన్నడు నర్సింహమ్మా, నిన్నే రమ్మన్నడు" అన్నాను. అప్పుడామె బస్టాండు మధ్యన, అందరూ చూస్తుండగా, నా భుజం మీద తల పెట్టి ఆర్నెల్ల ఏడుపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పటాన్‌చెరు బస్సు ఒకటి మా ముందు నుంచే వెళ్ళిపోయింది, పోనీ అనుకున్నాం.